పాత మోస్తరు కొత్త బూట్లు

“ఎండలో పెట్టొద్దని చెప్పు మీ అమ్మకి. రబ్బరు పచ్చబడుతుంది.”

“నీడలో పెడితే వాసన పోదని చెప్పు మీ నాన్నకి.”

“పోకపోతే పోనిమ్మని చెప్పు.”

“ఇంట్లో మిగతావాళ్ళకి కూడా ముక్కులున్నాయని చెప్పు.”

కొడుకు రెండు గదులకీ మధ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ. చేతిలో రేజరు. అటు చూశాడు, ఇటు చూశాడు.

“నేను మనిషినా, మైకునా? ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంది కదా! మధ్యలో నేను మోయడమెందుకు?”

పడగ్గదిలో మంచం కిర్రుమంది. బాల్కనీలో ఆమె, లేసులు ముడివేసి తీగకి వేలాడదీసిన బూట్లని ఇంకొంచెం పక్కకి జరిపింది. జరపనక్కర్లేదు. ఎండ తీగ పొడవునా ఒకేలా ఉంది. అయినా జరిపింది.

చీలమండ పైదాకా వచ్చే కాన్వాసు బూట్లవి. మీగడ రంగు గుడ్డ, చుట్టూ ఎర్రటి గీత, బొటనవేలి దగ్గర రబ్బరు టోపీ. ఆయన కుర్రతనంలో బంతాట ఆడిన రోజుల్లో అందరూ వేసుకున్న మోస్తరు. ఇప్పుడు కుర్రకారుకి మళ్ళీ వాటి మీద మోజు పుట్టింది. అందుకని కంపెనీవాళ్ళు కొత్త బూట్లనే, రబ్బరు కాస్త వెలిసినట్టు, గుడ్డ కాస్త నలిగినట్టు చేసి అమ్ముతున్నారు. చెప్పుల షాపులో పనిచేసే కూతురు తండ్రి పుట్టినరోజుకి తెచ్చి ఇచ్చిన పూట, ఆమె వాటిని చేతిలోకి తీసుకుని తిరగేసి బోర్లేసి చూసి, “కొత్తవి కొని పాతవాటిలా కనిపించడమేమిటే? ఆ ముచ్చటేదో నా ముఖం చూసి తీర్చుకోకూడదా?” అంది. ఆ రోజు ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు ఈ ఇంట్లోనే వినబడిందంటే ఇప్పుడు ఆమెకే నమ్మబుద్ధి కావడం లేదు.

“నన్నడిగితే వాటిని తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేస్తాను. కాలు పోయే దశకి తెచ్చిన బూట్లని ఉతికి ఆరేసుకునే ఇల్లు ఇదొక్కటే ఉంటుంది,” అన్నాడు కొడుకు.

“వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోను!” పడగ్గదిలోంచి ఆయన గొంతు.

“వేసుకుంటావా నాన్నా మళ్ళీ? ఏ కాలికి వేసుకుంటావు?”

అనేశాక కొడుకు నాలుక కరుచుకున్నాడు. నురగ ఆరిపోతున్న చెంప మీద అరచేయి పెట్టుకుని తల్లి వైపు చూశాడు. ఆమె తల తిప్పేసుకుంది. పడగ్గదిలో ఈసారి మంచం కూడా కిర్రుమనలేదు.

అప్పుడే కొడుకు ఫోను మోగింది. ఏదో పెద్ద ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిందట, లోపల మనుషులున్నారట. లిఫ్టులు బాగుచేసేవాడికి ఇక అంతకంటే చెప్పాల్సింది ఏముంటుంది? మిగిలిన చెంప చల్లటి నీళ్ళతో కడిగేసుకుని, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“ఇవాళ కట్టు కట్టించడానికి నువ్వే తీసుకెళ్ళాలమ్మా.”

“ఆయన నాతో వస్తారేమో అడుగు.”

“అడగను,” అన్నాడు కొడుకు. వెళ్ళిపోయాడు. మెట్ల మీద పనిముట్లు గలగలలాడుతూ కిందికి దిగిపోయాయి.

*

ఆసుపత్రిలో కట్లు కట్టే గది చిన్నది. మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటుంది. ఆమె అక్కడ నిలబడబోయింది.

“సిస్టర్, ఆ తెర లాగెయ్యండి,” అన్నాడాయన.

కట్లు కట్టే నర్సు నవ్వుముఖపు మనిషి. “ఆంటీగారేగా పెద్దాయనా! ఇంట్లో మనిషికి తెరెందుకు?”

“లాగెయ్యండి.”

నర్సు ఆమె వైపు జాలిగా చూసి తెర లాగింది. రింగులు కడ్డీ మీద జర్రున జారాయి.

పచ్చటి తెర. ఆమె బతుకంతా కర్టెన్లు కుట్టడమే. ఇంట్లో మిషను, వెనక వీధిలో షాపు, రోజంతా గుడ్డతోనే కాపురం. కాబట్టి కంటికి పది అంగుళాల దూరంలో ఉన్న ఆ తెర అంచు కుట్టు వదులుగా ఉందనీ, రెండు మడతలు వెయ్యాల్సిన చోట ఒక్కటే వేశారనీ కళ్ళు వాటంతట అవే చూసేశాయి. ఆ కుట్టునే చూస్తూ నిలబడింది. అవతల కత్తెర చప్పుడు, దూది తడిసిన చప్పుడు. ఆ తర్వాత వాసన వచ్చింది. బూట్లకి పట్టిన వాసనే.

“నొప్పిగా ఉందా పెద్దాయనా?”

“నొప్పి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాణ్ణా సిస్టర్?”

నిజమే. చక్కెర జబ్బు ఆయన పాదాల్లోని స్పర్శని ఎప్పుడో తినేసింది. నడుం వంచి కిందికి చూసుకోవడం కూడా ఆయనకి కష్టమే. అందుకని, రోజూ పాదాలు చూడమని డాక్టరు చెప్పిన నాటి నుంచీ ఆ పని ఆమెదే అయింది. దీపాలు పెట్టే వేళకి ఆయన కుర్చీలో కూర్చుని స్టూలు మీద కాళ్ళు చాపేవాడు. ఆమె పీట వేసుకుని, టార్చి వేసి, వేళ్ళ సందులు, మడమలు, అరికాళ్ళు, కత్తిరించబోయే గుడ్డలో లోపాలు వెతికినట్టు వెతికేది. ఆయన అంతసేపూ ఆ సాయంత్రం కోర్టులో ఎవరు బాగా ఆడారో, ఎవరు బంతిని చంకలో పెట్టుకుని కూర్చున్నారో చెప్పేవాడు. బాస్కెట్‌బాల్ కోచ్‌గా బడి నుంచి రిటైరయినా సాయంత్రం కోర్టుకి వెళ్ళకుండా ఉండలేడు. ఆమెకి ఆట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. “ఊఁ” అంటూ వినేది. నిజం చెప్పాలంటే మొగుడూ పెళ్ళాల మధ్య రోజు మొత్తం మీద మాటలు నడిచేది ఆ కాసేపే.

బూట్లు వచ్చాక ఆయన చెప్పే కబుర్లు మారాయి. “ఇవాళ కోర్టులో నా బూట్లే టాపిక్కు. ‘సార్, ఒరిజినల్ స్టయిలు మీదే, మేం కాపీ కొట్టాం’ అన్నాడొకడు,” అని చెప్పి మీసాల చాటున నవ్వుకునేవాడు. జుట్టుకి రంగు వేసుకోవడం మొదలెట్టాడు. లేసులు ముళ్ళు పైకి కనబడేలా కట్టడం కుర్రవాళ్ళ దగ్గర నేర్చుకొచ్చాడు. డాక్టరు ఇచ్చిన మెత్తటి లావాటి చెప్పులు మంచం కిందికి చేరాయి.

ఆమెకి ఒళ్ళు మండేది. భయం కూడా వేసేది. భయం వేసినప్పుడు ఆమె నోట పుల్లవిరుపు మాటలే వస్తాయి. పుట్టినప్పటి నుంచీ అంతే.

ఒక సాయంత్రం కుర్రాళ్ళు నలుగురు ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టడానికి వచ్చారు. మెట్ల దగ్గర వాళ్ళూ ఆయనా వరసగా బూట్లు చాపి ఫోటో దిగుతున్నారు. కొలతల టేపు మెడలో వేసుకుని పైనుంచి దిగుతున్న ఆమె, ఆ దృశ్యం చూసి ఆగలేకపోయింది.

“కాళ్ళకి స్పర్శ లేకపోయినా స్టయిలుకి మాత్రం లోటు లేదు! మేకు దిగినా తెలియదు ఆ కాళ్ళకి, ఫోటోలు కావాలా!”

కుర్రాళ్ళు నవ్వలేదు. ఒకడు గబుక్కున ఆయన మోచేయి పట్టుకున్నాడు, పడిపోతాడేమోనన్నట్టు. అంతే. ఆ మర్నాడు కోర్టు పక్కన ఆయన కోసం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వెలిసింది. ఆట నేర్పేటప్పుడు ఆయన వేసుకునే విజిల్ ఇంకొకరి మెడలోకి వెళ్ళింది.

ఆ రాత్రి నుంచీ ఆయన స్టూలు మీద కాళ్ళు చాపలేదు. “నా కాళ్ళ జోలికి రావద్దని చెప్పు మీ అమ్మకి,” అని కొడుకుతో అన్నాడు. “నాకేమైనా సరదానా అని చెప్పు మీ నాన్నకి,” అందామె. అడిగితే చిన్నబోతానని ఆమె అడగలేదు. అడిగితే చూపిద్దామని ఆయన చూపించలేదు. పంతం ఇద్దరిదీ. పాదం మాత్రం ఒకరిదే.

లేసు చివర ఉండే ఇనుప తొడుగు ఒకటి ఊడి బూటు లోపల పడింది. దాన్ని తొక్కుకుంటూ ఆయన కోర్టుకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. కుర్చీలో కూర్చోనని మొండికేసి, కోర్టు చుట్టూ నడిచాడు. జ్వరం వచ్చి పడుకుంటే కొడుకు మేజోళ్ళు లాగాడు. అప్పుడు కనబడింది, కుళ్ళిపోయిన పుండు.

“అయిపోయింది పెద్దాయనా,” అంది నర్సు. తెర జరిగింది. తెల్లటి కట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు.

బయట వరండాలో సర్జను ఆమెని ఆపాడు. రిపోర్టులు చంకలో పెట్టుకుని, నిలబడే మాట్లాడాడు.

“ఇప్పుడైతే పాదంతో పోతుందమ్మా. ఇంకా జాగు చేస్తే మోకాలి దాకా వెళ్ళాలి. ఆ తర్వాత నా చేతిలో కూడా ఉండదు. రేపు పొద్దున్నే నాకు మాట కావాలి.”

“ఆయన ఒప్పుకోవడం లేదండీ.”

“మీరు చెప్పండి. భార్య చెబితే వింటారు.”

భార్య చెబితే! ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక, “అలాగేనండీ,” అంది.

*

ట్యాక్సీలో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు చాపుకోవడానికి చోటు కావాలని. ఆమె వెనక. ముందు సీటు మీదుగా ఆయన మెడ కనబడుతోంది. జుట్టుకి వేసిన రంగు వెలిసి, మొదళ్ళలో తెలుపు బయటికొచ్చింది.

బండి సిగ్నలు దగ్గర ఆగింది. ఆమె గొంతు సవరించుకుంది. ఎన్నాళ్ళుగానో వాడని మాట కదా, ఎక్కడో అడుక్కి దిగిపోయింది. తోడి తీయాల్సి వచ్చింది.

“ఏమండీ.”

ఆయన భుజం కదిలింది. తల తిరగలేదు.

“ఏమండీ, ఒక్కసారి చూపించండి. తిట్టను. ఏమీ అనను. ఒక్కసారి ఆ పాదం నా ఒళ్ళో పెట్టండి. రేపు ఏమైనా కానీ, ఉండగా ఒక్కసారి చూస్తాను.”

ఆయన ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు. వదిలాడు. ఆమె సీటు అంచు పట్టుకుని ముందుకి వంగింది.

“కొంచెం నెమ్మదిగా పోనివ్వండి,” అన్నాడాయన డ్రైవరుతో. “గతుకులున్నాయి.”

డ్రైవరు వయసులో పెద్దవాడే. ఆయన వైపు ఒకసారి చూశాడు, వెనక ఆమె వైపు ఒకసారి చూశాడు. ఇంకా పచ్చలైటు పడలేదు. బండి కదలనే లేదు.

“అలాగే సార్,” అన్నాడు.

*

సాయంత్రానికి ఇల్లు నిండింది. నిండడమంటే పెద్ద బలగమేం కాదు. కూతురు షాపులో సెలవు చెప్పి వచ్చింది. కొడుకు లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగి, చేతులకి గ్రీజుతోనే వచ్చాడు. ఆయన బాబాయి కొడుకు, తమ్ముడి వరస, వచ్చాడు. బడి ఆటల్లో ఏళ్ళ తరబడి స్కోరు బోర్డు తిప్పిన మనిషి కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆయన ‘స్కోరు బాబాయి’. పెళ్ళికెళ్ళినా పరామర్శకెళ్ళినా స్కోరు చెప్పకుండా ఉండలేడు.

“ఏం వదినా, ఇప్పటికి స్కోరెంత? డాక్టరు ఒకటి, మా అన్నయ్య ఒకటి. అంతేనా?”

“ఆట ఎప్పుడో అయిపోయింది మరిదిగారూ,” అందామె వంటగదిలోంచి. “ఇప్పుడు మిగిలింది ఎవరు ముందు బయటికెళ్ళాలన్నదే.”

స్కోరు బాబాయి ముఖంలో నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక, మీసం దగ్గర కాసేపు ఉంచుకుని, తీసేశాడు.

ఆయన్ని పడగ్గదిలోంచి తెచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. కాలు దిండు మీద పెట్టారు. స్టూలు ఎవరూ తేలేదు. ఆమె వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె అక్కడుందని ఆయనకి తెలుసు. అటు చూడలేదు.

“రేపు పొద్దున డాక్టరుకి చెప్పాలి నాన్నా,” అన్నాడు కొడుకు. “ఇవాళ తేల్చాలి.”

“తేల్చడానికేముంది? నేను చెప్పేశాను. రెండు కాళ్ళతో వచ్చాను, రెండు కాళ్ళతోనే పోతాను.”

“పోతాను, పోతాను! పోవడం అంత తేలికైతే అందరం పోదుం!”

“అన్నయ్యా, అరవకు,” అంది కూతురు.

“నువ్వు మాట్లాడకు. అసలు ఇదంతా ఎక్కడ మొదలైంది? రోజూ వందమంది కాళ్ళు చూసే పిల్లవి. చక్కెర జబ్బు మనిషికి ఎలాంటి చెప్పులివ్వాలో నీకు తెలియదా? పలచటి అట్టలాంటి బూట్లు పట్టుకొచ్చి తొడిగావు!”

కూతురి ముఖం పాలిపోయింది. “నాన్న ఎప్పుడూ ఆ బూట్ల గురించే చెప్పేవాళ్ళు కదా. ఆ రోజుల్లో కొనుక్కోలేక ఒకే జత అతుకులేసి వేసుకునేవాళ్ళమని… నాకు ముచ్చటేసింది. ఇంట్లో కూర్చుని వేసుకుంటారనుకున్నాను. రోజూ తొడుక్కుని ఊరేగుతారని నాకేం తెలుసు?”

“తెలియాలి!”

“సరే, తెలియలేదు. నన్ను చంపెయ్యి. ఇంకా? ఇంట్లో ఉన్నది నువ్వు. నెలకోసారి వచ్చేదాన్ని నేను. నాన్న కుంటుతుంటే కనబడలేదా నీకు?”

“కుంటలేదే! కుంటితేగా! నొప్పి లేని మనిషి ఎలా కుంటుతాడు?”

“మరి చూడాలి కదా! ఎవరో ఒకరు చూడాలి కదా!”

అని అనేశాక కూతురు ఠక్కున ఆగిపోయింది. ఆ ‘ఎవరో ఒకరు’ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. గదిలో నలుగురూ నాలుగు దిక్కులు చూశారు. స్కోరు బాబాయి తన గోళ్ళు చూసుకున్నాడు.

ఆమె మాట్లాడాలనుకుంది. బిడ్డ మీద పడుతున్న నిందని ఒక్క మాటతో పక్కకి లాగి తన నెత్తిన వేసుకోవచ్చు. మెట్ల దగ్గర అంత సులువుగా జారిన నోరు ఇప్పుడు మెదలనంది.

“బూట్ల మాట ఎత్తొద్దు,” అన్నాడాయన.

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా అందరూ అటు తిరిగారు.

“బూట్ల తప్పేం లేదు. నా తల్లి ముచ్చటపడి ఇచ్చింది. రిటైరయ్యాక నన్ను ఎవరు పలకరించారు? కోర్టుకెళ్తే ‘ఎవరీ తాత’ అన్నట్టు చూసేవాళ్ళు. అవి వేసుకున్న రోజు ఒక పిల్లాడు పిలిచి ఆట నేర్పమన్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. మళ్ళీ విజిల్ వేసుకున్నాను. కాళ్ళు నావి కావేమో గానీ నడక నాదే అనిపించేది.”

కూతురు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“అందుకని ఆ కాలే పోగొట్టుకుంటావా అన్నయ్యా?” అన్నాడు స్కోరు బాబాయి. ఈసారి స్కోరు లేదు, జోకు లేదు. “ఒక పాదం పోతుంది. మనిషి మిగులుతాడు. మాకు మనిషి చాలు. నీ కాళ్ళకి మేం ఏనాడైనా మొక్కామా?”

ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన పెదవి కూడా ఒక పక్కకి కదిలింది. అదే అదను అనుకుని కొడుకు కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. ఇందాకటి అరుపు గొంతులో లేదు.

“నాన్నా. పొద్దున ఆ మాట అన్నందుకు చెప్పుచ్చుకు కొట్టు. ఎలాగూ చెప్పులు ఇచ్చే కూతురుంది. కానీ ఒప్పుకో. నీకు దండం పెడతాను.”

గ్రీజు చేతులు రెండూ జోడించాడు. అంతటి మనిషి, లిఫ్టు తాళ్ళు ఒంటిచేత్తో లాగే మనిషి, అలా కూర్చున్నాడు.

ఆయన కొడుకు చేతుల్ని చూశాడు. కింద వీధిలో ఎవరో బంతి కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆ చప్పుడు సన్నబడి పోయేదాకా ఎవరూ కదల్లేదు.

“సరే,” అన్నాడు.

“సరేనా?”

“రేపు తీసేయమను.”

కూతురు తండ్రి మెడ మీద పడి ఏడ్చింది. కొడుకు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. స్కోరు బాబాయి కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటూ, “అమ్మయ్య, అమ్మయ్య,” అని ఎవరికో చెబుతున్నట్టు అనుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆమె కొంగు నడుముకి దోపుకుంది. ఆయన బతుకుతాడు. పాదం పోనీ, పంతం పోనీ, మనిషి ఇంటికొస్తాడు. అప్పుడే ఆమె బుర్ర పనిలో పడిపోయింది. మంచం కిటికీ దగ్గరికి జరపాలి. మిషను వంటగదిలోకి మార్చెయ్యాలి. కట్టు మార్చడం ఆ నర్సు దగ్గర నేర్చుకోవాలి. ఈసారి రోజుకి రెండు పూటలా చూస్తుంది. ఆయన వద్దన్నా చూస్తుంది. తిడితే పడుతుంది.

“మెట్ల సంగతి నేను చూసుకుంటాను,” అంటున్నాడు కొడుకు, ముక్కు ఎగపీల్చుకుంటూ. “కింద వాటావాళ్ళతో మాట్లాడతాను. లేకపోతే మోసుకొస్తాం. లిఫ్టులు ఎత్తేవాణ్ణి, నాన్నని ఎత్తలేనా?”

“అవసరం లేదు,” అన్నాడాయన.

“అదేంటి నాన్నా?”

“ఆసుపత్రి నుంచి నేను ఇక్కడికి రాను. దీని గదికి వెళ్తాను.” కూతురి తల మీద చెయ్యి వేశాడు. “చెప్పుల షాపు వెనక గది. కిందే ఉంటుంది. కాలున్నా పోయినా అక్కడికే వస్తానని మధ్యాహ్నం ఫోన్లో మాట్లాడాను. దీనికి ఇష్టమే.”

కూతురు తల ఎత్తలేదు. తండ్రి భుజంలో ముఖం దాచుకుంది. ఆ దాచుకోవడంలోనే అంతా తెలిసిపోయింది. ఇంటికి వచ్చే ముందే మంచం వేసి వచ్చింది.

“మెట్ల కోసమైతే—”

“మెట్ల కోసం కాదు.”

అని, ఆయన అప్పుడు తిరిగాడు. కుర్చీలో ఒరిగి, నొప్పి తెలియని కాలు దిండు మీద పక్కకి జారిపోతుంటే పట్టించుకోకుండా, గుమ్మం వైపు తిరిగాడు. ఆమె కళ్ళలోకి నేరుగా చూశాడు.

“నీకే చెబుతున్నాను,” అన్నాడు.

మధ్యలో ఎవరూ లేరు. ‘మీ అమ్మ’ లేదు, ‘చెప్పు’ లేదు. ఎన్ని సాయంత్రాలు దీని కోసం కాచుకుందో ఆమెకే తెలుసు.

“నిన్ను తిట్టడానికి కాదు. ఆ రోజు నువ్వు అడగలేదు, నేను చూపించలేదు. చెరి సగం. దాని గురించి కాదు. ఇందాక ట్యాక్సీలో అద్దంలో, తప్పంతా నీదేనన్నట్టున్న నీ ముఖం చూశాను. రేపటి నుంచి కాలు లేని చోటు రోజూ నువ్వు చూస్తావు. చూసినప్పుడల్లా ఆ ముఖమే పెడతావు. నువ్వు నన్ను చూడటం వరకూ నేను ఓర్చుకోగలను. నిన్ను నేను చూడలేను. నా దగ్గర అంత ఓర్పు లేదు.”

స్కోరు బాబాయి “అన్నయ్యా…” అన్నాడు. ఆయన చెయ్యి ఎత్తి ఆపేశాడు.

ఆమె గుమ్మం వదిలి ఒక అడుగు వేసింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ ముఖమే అవుతుందని భయం వేసింది. పెదవులు బిగబట్టి, ముఖం నిమ్మళంగా పెట్టుకోవడానికి ఎంత అవస్థ పడిందో కొడుకు చూశాడు, చూడలేక కళ్ళు దించుకున్నాడు.

“ఎన్నాళ్ళు?” అంది.

ఆయన అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికినట్టున్నాడు. దొరకలేదు.

“ఇక అక్కడే ఉంటాను,” అన్నాడు మెల్లగా.